ఇంజిన్ నుంచి 17 కిలోలు తీసేసి నాలుగేళ్లు నడిపాక

నాది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు. నాలుగేళ్ల కిందట దాని బానెట్ కింద 17 కిలోలు తగ్గించాను. ఆ తర్వాత 41 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఆఫీసుకు ఇదే, అప్పుడప్పుడు ట్రాక్ మీదికీ ఇదే.

ఆ 17లో పది కిలోలు బ్యాటరీవే. 14 కిలోల లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసి 4 కిలోల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాను. సిలిండర్ల నుంచి పొగను బయటికి పంపే పోత ఇనుప ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పోయి స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు వచ్చేసరికి మూడు కిలోలు తగ్గాయి. ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. ఎనిమిదిన్నర కిలోల ఫ్లైవీల్ స్థానంలో నాలుగున్నర కిలోలది వేశాను. తూకంలో చిన్నదే అయినా, నడిపేటప్పుడు నాకు తెలిసింది ఈ ఫ్లైవీల్ ఒక్కటే.

బ్యాటరీని కారు మోస్తే చాలు. ఫ్లైవీల్‌ను మోయడంతో పాటు, వేగం పెంచిన ప్రతిసారీ ఇంజిన్ దాన్ని ఇంకా జోరుగా తిప్పాలి. ఆ భారం గేరు నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకు ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) వర్గాన్ని, అంటే స్క్వేర్‌ను బట్టి పెరుగుతుంది. నా కారు నిష్పత్తులతో లెక్కేస్తే, ఆ నాలుగు కిలోలు ఒకటో గేరులో దాదాపు 90 కిలోలు దింపేసినంత పని చేస్తున్నాయి. ఐదో గేరులో మాత్రం ఏడెనిమిది కిలోలే. అందుకే మలుపు దాటి రెండో గేరులో తొక్కితే ప్రాణం లేచొస్తుంది, హైవే మీద మాత్రం తేడా ఏమీ ఉండదు. గేరు దించేటప్పుడు యాక్సిలరేటర్‌ను కాస్త తాకితే చాలు, ఇంజిన్ వెంటనే అందుకుంటుంది.

ఇక ఈ తేలిక ఫ్లైవీల్‌తో ట్రాఫిక్ సంగతి. మొదటి నెల సిగ్నల్ దగ్గర బండి ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్కలేదు. ఏసీ కంప్రెసర్ అందుకోగానే ఐడ్లింగ్ తూలుతుంది. న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే గేర్‌బాక్స్‌లో గలగల. ఎత్తు మీద బండి కదిలించాలంటే ఇప్పటికీ టెన్షనే. మా ఆవిడ ఒక్కసారి నడిపి, తాళాలు నా చేతిలో పెట్టేసింది.

మానిఫోల్డ్ రెండో ఏడాదే వెల్డింగ్ దగ్గర పగిలింది. బానెట్ కింద వేడి తగ్గుతుందని నేను చుట్టిన హీట్ ర్యాప్ (వేడిని ఆపే పట్టీ) వల్లే గొట్టం మరీ కాగిపోయిందని నా అనుమానం. మళ్లీ వెల్డ్ చేయించి, ర్యాప్ తీసేసి వేడి కవచం రేకు పెట్టించాను. తర్వాత బాగానే ఉంది. బరువుగా ఉన్నా పోత ఇనుము ఇలాంటి గొడవ పెట్టలేదు.

లిథియం బ్యాటరీకి చలి పడదు. చలి ఉదయాల్లో ముందు ఒక నిమిషం హెడ్‌లైట్లు వేసి ఉంచితే లోపల కాస్త వేడెక్కి, ఆ తర్వాత స్టార్టర్ బాగా తిరుగుతుంది. ఒకసారి మూడు వారాలు కదపకుండా ఉంచితే లోపలి రక్షణ సర్క్యూట్ కరెంటు కట్ చేసేసింది.

తేలికపాటి క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ చివర బెల్టు తిప్పే చక్రం) కూడా వేయమన్నారు, నేను ఒప్పుకోలేదు. కంపెనీ పుల్లీలో ఉండే రబ్బరు వలయం క్రాంక్‌షాఫ్ట్ మెలికల కంపనాన్ని మింగేస్తుంది. దాన్ని తీసేసి కిలో తగ్గించడం నాకు పిచ్చి పనిలా అనిపించింది.

అసలు బరువంతా సిలిండర్లుండే ఇంజిన్ బ్లాక్‌లోనే ఉంటుంది, కానీ అది మన చేతిలో పని కాదు, కంపెనీలే తగ్గించాలి. 2004లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజిన్ బ్లాక్‌కు లోపల అల్యూమినియం, చుట్టూ మెగ్నీషియం. ఉక్కు తగిలితే మెగ్నీషియం తుప్పు పట్టి పాడైపోతుందని బోల్టులూ అల్యూమినియంవే వాడారు. ఒకసారి విప్పితే వాటిని మళ్లీ వాడకూడదు.

నా క్లచ్ ప్లేట్ అరుగుదలకొచ్చింది. గేర్‌బాక్స్ దించినప్పుడు ఆరు కిలోల ఫ్లైవీల్ వేయిస్తాను.