జీబీఎస్‌కి ఐవీఐజీనా, ప్లాస్మా మార్పిడా?

మా చిన్నమామకి ఆదోనిలో విరేచనాలు తగ్గిన పది రోజులకి కాళ్లలో తిమ్మిర్లు మొదలై, మూడో రోజుకల్లా మంచం దిగలేకపోయాడు. కర్నూలుకి తీసుకొస్తే జీబీఎస్ (గియాన్-బారే సిండ్రోమ్) అన్నారు, అంటే క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటున సొంత నరాల మీదే పడడం. వైద్యానికి రెండు దారులు చెప్పారు.

ఐవీఐజీ అంటే దాతల ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) నుంచి తీసిన యాంటీబాడీలు, అంటే రోగనిరోధక ప్రొటీన్లు. సెలైన్ ఎక్కించినట్టే ఎక్కిస్తారు, కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు. 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు, అందుకే ఖర్చు ఎక్కువ. తలనొప్పి రావచ్చు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

ప్లాస్మా మార్పిడిలో రక్తాన్ని మిషన్‌లోకి పంపి, నరాలను దెబ్బతీసే యాంటీబాడీలున్న ప్లాస్మాని తీసేసి, బదులుగా ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) ద్రవం లాంటిది కలిపి తిరిగి ఎక్కిస్తారు. ఒకటి రెండు వారాల్లో నాలుగైదు సార్లు చేయాలి. మన దగ్గర సాధారణంగా ఖర్చు తక్కువే, కానీ మిషన్, అలవాటున్న సిబ్బంది ఉండాలి, చాలాసార్లు మెడ దగ్గర రక్తనాళంలోకి పెద్ద లైన్ (గొట్టం) వేస్తారు, మధ్యలో బీపీ పడిపోవచ్చు.

ఫలితం మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. ఒకదాని తర్వాత రెండోది చేస్తే అదనపు లాభం లేదు, కాబట్టి రెండూ చేయించాలని అప్పులు చేయకండి. స్టెరాయిడ్లు దీనికి పనిచేయవు. బీపీ నిలకడగా లేకపోతే నేనైతే ఐవీఐజీ వైపే మొగ్గుతాను, లేదంటే ఏది ముందు దొరికితే అది, ఎందుకంటే రెండు వారాల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ మేలు. మింగడం కష్టమైనా, ఊపిరి అందకపోయినా మాత్రం ఆ క్షణమే ఐసీయూ ఉన్న చోటికి తీసుకెళ్లండి.