ఆ లండన్ సీడీల ఆయన దగ్గర వెట్ వెట్ వెట్ గ్రేటెస్ట్ హిట్స్ కొనకండి, సీల్ డబ్బాలో బర్న్ చేసిన డిస్కు పెడుతున్నాడు

వెంటనే చదవండి, డబ్బు పంపబోతుంటే ఆపండి. బ్రిటన్ నుంచి పాత సీడీలు మనవాళ్ళకి పంపే ఆయన ఎవరో ఈ బ్యాండ్ల డిస్కులు కొనేవాళ్ళకి చెప్పక్కర్లేదు, పేరు రాయను. స్కాట్లాండ్ పాప్ బ్యాండ్ వెట్ వెట్ వెట్ 2004 'ది గ్రేటెస్ట్ హిట్స్' సీడీ సీల్ తీయనిది, ఒరిజినల్ యూకే అని ప్రకటన పెట్టాడు. నా దగ్గర రూ. 2,400 తీసుకున్నాడు. డబ్బా నిజమైనదే, బుక్‌లెట్ నిజమైనదే, లోపల డిస్కు మాత్రం ఇంట్లో కంప్యూటర్లో బర్న్ చేసిన సీడీ-ఆర్. పైన ఇంక్‌జెట్ ముద్ర, తడి వేలు తగిలితే రంగు అంటుకుంటోంది.

ఫోటోలు తీసి పంపితే వచ్చిన జవాబు ఇది: "కేసు ఒరిజినల్ అన్నాను, డిస్కు ఒరిజినల్ అని ఎక్కడ రాశాను? పాటలన్నీ ప్లే అవుతున్నాయి కదా బ్రదర్, ఇంకేం కావాలి?" అంతే, బ్లాక్. వెనక్కి వెళ్ళి ఆ ప్రకటన మళ్ళీ చదివితే నిజంగానే 'ఒరిజినల్ యూకే కేస్, సీల్డ్' అని ఉంది. అంటే పొరపాటున వేరే డిస్కు రాలేదు. ఎవరో ఒకరు అడుగుతారని ముందే తెలుసు, జవాబు ముందే తయారుగా పెట్టుకున్నాడు. డబ్బు పడేదాకా "అన్నా, మన తెలుగువాళ్ళనే మోసం చేస్తానా" అన్న నోరే ఇది. రూ. 2,400 పోయినదానికంటే ఈ మాటకే కడుపు మండుతోంది.

ఈ సంకలనం కోసం జనం ఎందుకు వెతుకుతారో ఆయనకి బాగా తెలుసు, అక్కడే కొట్టాడు. 1997లో డ్రమ్మర్ టామీ కన్నింగ్‌హామ్, 1999లో గాయకుడు మార్టి పెలో వెళ్ళిపోయి ఆగిపోయిన క్లైడ్‌బ్యాంక్ బృందం 2004లో మళ్ళీ కలిసి, ఆ ఏడాది చివర తెచ్చిన డిస్కు ఇది. 'ఆల్ ఐ వాంట్' అనే కొత్త పాట ఇందులో ఉంది. 1993లో వచ్చిన హిట్స్ సంకలనం 'ఎండ్ ఆఫ్ పార్ట్ వన్' వేరు. ఆ 1993 ముద్రణలో 'లవ్ ఈజ్ ఆల్ అరౌండ్' ఉండే వీలే లేదు, ఎందుకంటే బ్రిటన్‌లో 15 వారాలు ఒకటో స్థానంలో నిలిచిన ఆ పాట వచ్చిందే 1994లో. 2013 'స్టెప్ బై స్టెప్' ఇంకొకటి. గ్రేటెస్ట్ హిట్స్ అన్న మాట చూసి కొనకండి, వెనక అట్ట ఫోటో అడిగి పాటల పట్టిక చదువుకోండి.

ఇప్పుడు డిస్కు సంగతి. ముందు సీల్. ఫ్యాక్టరీలో చుట్టిన ప్లాస్టిక్ సాధారణంగా రెండు కొసల్లో కవరు మడతలా మడిచి అతికించి ఉంటుంది, చాలావాటికి లాగితే చిరిగే సన్నని పట్టీ ఉంటుంది. తర్వాత ఎవరో వేడిగాలి మెషీన్‌తో చుట్టినదైతే పక్కన పొడుగ్గా అతుకు గీత, గాలి పోవడానికి సన్నని చిల్లులు, మూలల్లో ముడతలు. బ్రిటన్ చారిటీ షాపుల్లో ఈ బ్యాండ్ సీడీలు చవకగా దొరుకుతాయి. గీతలు పడి పనికిరాని డిస్కు తీసేసి మంచి డబ్బాకి కొత్త ప్లాస్టిక్ చుట్టడం పెద్ద పని కాదు.

డిస్కు తిప్పి అడుగు భాగం వెలుతురులో చూడండి. ఫ్యాక్టరీలో అచ్చుతో ప్రెస్ చేసినది అచ్చంగా వెండిలా ఉంటుంది. సీడీ-ఆర్ ఆకుపచ్చగానో నీలంగానో కనబడుతుంది, కానీ కొన్ని రకాల రంగుపూత దాదాపు వెండిలానే ఉంటుంది కాబట్టి రంగు ఒక్కటే నమ్మొద్దు. ఏటవాలుగా పట్టుకుంటే, పాటలు రాసిన చోటు ఆగి ఖాళీ మొదలైన దగ్గర రెండు ఛాయలు విడివిడిగా తెలుస్తాయి. మధ్య రంధ్రం చుట్టూ అద్దంలా మెరిసే వలయంలో ఉన్న నంబరు చదవండి. చాలా డిస్కుల్లో అది డబ్బా వీపు మీద ఉన్న కేటలాగ్ నంబరుతో కలుస్తుంది. ఐఎఫ్‌పీఐ అని (డిస్కు ఏ ఫ్యాక్టరీదో చెప్పే కోడ్) చెక్కి ఉంది కాబట్టి అసలుదే అని కొందరు చెప్తారు, అది తప్పు. ఖాళీ సీడీ-ఆర్‌ల ప్లాస్టిక్ మీద కూడా ఆ కోడ్ ఉంటుంది. అలాగే ఆ కోడ్ పద్ధతి వచ్చింది 1994లో, అందుకే 1993 డిస్కు మీద లేకపోతే కంగారు పడొద్దు.

అనుమానమే మిగలకుండా తేల్చాలంటే కంప్యూటర్ డ్రైవ్‌లో వేసి ఇమ్‌గ్‌బర్న్ (ImgBurn) అనే సాఫ్ట్‌వేర్ తెరవండి. కుడివైపు వివరాల్లో సీడీ-రామ్ అని రావాలి. సీడీ-ఆర్ అని వచ్చి, కింద ఏటిప్ అని ఖాళీ డిస్కు తయారుచేసిన కంపెనీ పేరు కనిపిస్తే ఇక వాదనే లేదు, ప్రెస్ చేసిన డిస్కులో ఏటిప్ ఉండదు. ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

"పాటలు ప్లే అవుతున్నాయి కదా" అన్నాడే, అది కూడా సరిగ్గా లేదు. ఒక పాటని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వేసి స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో చూపే బొమ్మ) చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయింది. 128 కేబీపీఎస్ ఎంపీ3ని తిరిగి సీడీలోకి ఎక్కిస్తే వచ్చే గీత అది. సీడీకి 22 కిలోహెర్ట్జ్ దాకా చోటు ఉంటుంది. 'గుడ్‌నైట్ గర్ల్'లో వయొలిన్ల మీద మెరుపు పోయింది, డ్రమ్స్‌లోని సింబల్స్ (ఇత్తడి పళ్ళేలు) ఉస్సుమని అరిగిపోయినట్టున్నాయి. మార్టి పెలో గొంతులో ఆ గాలి, ఊపిరి వినడానికే కదా డిస్కు కొనేది. స్పెక్ట్రోగ్రామ్ బాగున్నా ప్రెస్ డిస్కు అని మాత్రం అనుకోకండి, అసలు సీడీ నుంచి నేరుగా కాపీ కొడితే గోడ కనిపించదు. సీడీ-ఆర్ రంగుపూత ఎండకీ వేడికీ పాడవుతుంది, మన వేసవిలో కారులో వదిలేస్తే ఇక చెప్పక్కర్లేదు.

కొనేవాళ్ళు డిస్కు అడుగు భాగం, మధ్య వలయం ఫోటో ముందే అడగండి. సీల్ ఉంది, తీయను అంటే కొసల మడతల ఫోటో అడగండి. 'డిస్కు కూడా ఫ్యాక్టరీలో ప్రెస్ చేసినదే' అని ఆయన చేతే రాయించుకోండి. ఇండియాలో బంధువు ఖాతాకి యూపీఐ కొట్టమంటే కొట్టకండి, సరుకు బాగాలేదని ఆ డబ్బు వెనక్కి రాదు. పేపాల్‌లో సరుకు కొనుగోలుగా కడితే 180 రోజుల్లోపు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఇప్పటికే కట్టినవాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ ఫోన్ చేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

ఇంకొకటి, ఇప్పుడే డీకన్ బ్లూ అనే ఇంకో బ్యాండ్ సీడీ 'అవర్ టౌన్' సీల్డ్ అని కొత్త ప్రకటన పెట్టాడు. ఫోటో పెద్దది చేసి చూడండి, డబ్బా పక్కన అదే అతుకు గీత ఉంది.