పాప పడుకున్నాక కోడ్ రాయాలా, పరిశోధన పేపర్ రాయాలా?

పుట్టిన కొత్తలో పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతారు. వింటే బోలెడంత సమయం ఉన్నట్టే ఉంటుంది. కానీ రెండు మూడు గంటలకోసారి పాలకు లేస్తారు కాబట్టి నాకు దొరికేవి చిన్న చిన్న ముక్కలే.

ఆ ముక్కల్లో కోడ్ బాగా ఇముడుతుంది. ఒక ఫంక్షన్ (కోడ్‌లో ఒక చిన్న భాగం) సరిచేసి, అది పనిచేస్తుందో లేదో చూసే టెస్ట్ రన్ చేసి, మార్పుల్ని భద్రపరిచే గిట్‌లో కమిట్ చేస్తే ఆ పని అక్కడికి పూర్తయినట్టే. నిన్న రాత్రి పాప నా గుండెల మీద పడుకుని చొక్కా గుండీ పిడికిట్లో పట్టుకుంది. ఎడమ చేత్తో తనను పొదివి పట్టుకుని, కుడి చేత్తో ఒక్కో అక్షరం కొట్టాను. పది నిమిషాలకే కదిలింది. టెస్ట్ ఇంకా ఫెయిలవుతూనే ఉంది, అయినా టెన్షన్ పడలేదు. ఎక్కడ ఆగానో, ఫెయిలైన టెస్ట్ చూపించే ఆ ఎర్ర లైనే మళ్లీ చెబుతుంది.

పేపర్ అలా కాదు. వాదన మొత్తం తలలో నిలబడాలి. మధ్యలో లేస్తే ఆ పేరా ఎందుకు మొదలుపెట్టానో గుర్తుండదు. అందుకే రాత్రిళ్లు కోడ్‌కే నా ఓటు. పాపను వాళ్లమ్మ ఎత్తుకునే పొద్దుటి గంటను పేపర్‌కు దాచుకుంటాను. పేపర్లు చదవడం మాత్రం ఎప్పుడైనా సాగుతుంది. పైకి చదివితే ఆ గొంతుకే పాప మెల్లగా నిద్రలోకి జారుకుంటుంది.