బియ్యం మిల్లు గుమాస్తాకి షుగర్ వస్తే: తిండి, నడక ఏళ్ల తరబడి వాడి చూశాక

ముందే నా తీర్పు చెప్పేస్తాను. టైప్ 2 షుగర్‌ని తిండితో, నడకతో చాలావరకు లొంగదీయొచ్చు. నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8.9 దగ్గర మొదలై ఏడాది తిరిగేలోపు 6.6కి దిగింది. అప్పటినుంచి 6.3కీ 6.8కీ మధ్యే తిరుగుతోంది. రెండు పూటలా వేసుకునే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక పూటకి వచ్చింది. పూర్తిగా మానలేదు, మానాలన్న పంతమూ నాకు లేదు. అయితే ఇదంతా కొర్రల వల్లో కాకరకాయ రసం వల్లో అయిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. కంచంలో అన్నం ఎంత పడింది, తిన్నాక ఒళ్లు ఎంత కదిలింది, నా మటుకు ఈ రెండే తేల్చాయి.

ఉండేది నెల్లూరు దగ్గర కోవూరులో, పని బియ్యం మిల్లులో గుమాస్తాగిరీ. పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేచేది భోజనానికే. మా హమాలీలు కూడా నాలాగే అన్నం గుట్టగా పెట్టుకుని తినేవాళ్లు. కాకపోతే వాళ్లు బస్తాలు మోస్తారు, నేను బస్తాలు లెక్క రాస్తాను. (అలాగని మోసేవాళ్లకి షుగర్ రాదనుకోవద్దు. మా మేస్త్రీకి నాకంటే ముందే వచ్చింది.)

మిల్లులో పని అనేసరికి ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "అన్నా, షుగరోళ్లు ఏ బియ్యం తినాలి?" బజార్లో షుగర్ బియ్యం అని అమ్మేదాంట్లో బాగా పేరున్నది ఆర్‌ఎన్‌ఆర్ 15048. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో తయారైన సన్న రకం, తెలంగాణ సోనా అని కూడా అంటారు. దాని గ్లైసిమిక్ ఇండెక్స్ 51 చిల్లర అని చెబుతారు. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. రకం మంచిదే, అన్నం కూడా తేలిగ్గా ఉంటుంది. కొన్నాళ్లు ఇంట్లో అదే వండించాను. కానీ ఆ ఇండెక్స్ చెప్పేది, సమానంగా పిండిపదార్థం తిన్నప్పుడు ఏ తిండి షుగర్‌ని ఎంత పైకి ఎక్కిస్తుందన్నది మాత్రమే. ఎంత తినొచ్చో చెప్పదు. మామూలు బీపీటీ రకం అన్నం చిన్న గిన్నెడు తిన్నరోజు రెండు గంటలకి నాకు షుగర్ 160 లోపు ఉండేది. షుగర్ బియ్యమే కదా అని గిన్నెన్నర లాగించినరోజు 190 దాటింది. దంపుడు బియ్యంలో పీచు ఉంటుంది, నమలక తప్పదు కాబట్టి కొంచెంతోనే కడుపు నిండుతుంది. ఆ లాభం నిజమే. తవుడు పోకుండా ఉండటం వల్ల తొందరగా ముక్కవాసన వస్తుంది, అందుకని కొంచెం కొంచెంగా తెచ్చుకోండి. బస్తా కొనొద్దు, ఈ మాట మా ఓనరు వినకపోతే చాలు.

మా ఇంట్లో చేసిన అసలు మార్పు బియ్యంలో కాదు, వడ్డనలో. హస్తంతో (అన్నం గరిటెతో) నేరుగా కంచంలోకి వడ్డించుకోవడం మానేశాం. మా ఆవిడ పప్పు తోడుకునే స్టీలు గిన్నె ఒకటి పక్కన పెట్టింది. అంచుకి వేలెడు తక్కువగా అన్నం పెట్టి కంచంలో బోర్లిస్తే పావు కంచం నిండుతుంది. సగం కంచం కూర: బీర, సొర, బెండ, చిక్కుడు, ఆకుకూర, ఆ రోజు ఏది దొరికితే అది. మిగిలిన పావులో పప్పో గుడ్డో చేపో. ముందు కూర తినేసి, తర్వాత పప్పు, అన్నం ఆఖర్న. ఈ వరస మారిస్తేనే తిన్నాక వచ్చే షుగర్ నాకు స్పష్టంగా తగ్గింది. మొదటి ముద్ద పచ్చడీ నెయ్యీ కలిపి తినే అలవాటున్న నోటికి ఇది శిక్షే. మజ్జిగన్నం తినకుండా లేవడం ఇంకా పెద్ద శిక్ష. నేను మజ్జిగని గ్లాసులో పోసుకుని, కరివేపాకు నలిపేసి, నిమ్మకాయ పిండుకుని తాగి లేస్తాను. నిమ్మకాయలకి గూడూరు దగ్గర్లో పెట్టుకుని మనకి ఏం కరువు?

నెల్లూరోళ్లకి ఒక అదృష్టం, ఒక దురదృష్టం కూడా చేపల పులుసే. చేపలో పిండిపదార్థం ఉండదు, మాంసకృత్తులు దండిగా ఉంటాయి. కొరమేనైనా బొమ్మిడాయిలైనా షుగర్‌తో పేచీ లేదు. పేచీ అంతా పులుసుతో. మామిడికాయ ముక్కలేసి కాచి, ఒక రాత్రి ఊరిన పులుసు ముందు పెడితే అన్నం గిన్నె గుర్తుంటుందా? అందుకని పులుసు రోజున ముక్కలు రెండు ఎక్కువ, అన్నం అదే గిన్నె. పులుసు మిగిలితే చెంచాతో తాగేస్తాను. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి.

టిఫిన్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇడ్లీ తేలికైన తిండి, జ్వరమొచ్చినా పెట్టొచ్చు, కాబట్టి షుగర్‌కీ మంచిదే అనుకుంటారు. ఇడ్లీ రవ్వ అంటే బియ్యమే కదా. నాలుగు ఇడ్లీలు నా షుగర్‌ని గిన్నెడన్నం కంటే ఎక్కువే లేపాయి. కారం దోశ సంగతి చెప్పక్కర్లేదు, కానీ దాన్ని నేను వదల్లేదు. నెలలో ఏదో ఒక ఆదివారం ఒకే ఒక్కటి, ఎర్రకారం, పప్పుల పొడి, నెయ్యి అన్నీ వేయించుకునే తింటాను. తిన్నాక బండి తోసుకుంటూ ఇంటికి నడుస్తాను. మిగతా రోజుల్లో పెసరట్టో, ఉడికించిన అలసందలతో పాటు రెండు గుడ్లో. పెసరట్టులోకి ఉప్మా పెట్టించుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

చిరుధాన్యాల మీద నాకు కోపం లేదు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పొదిలి, కనిగిరి వైపు మా అత్తగారి తరం సజ్జ సంకటి, కొర్రన్నం తిని బతికిందే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక అవి సూపర్ మార్కెట్లో అద్దాల వెనక్కి చేరాయి, ధర కూడా ఎక్కింది. కొర్రన్నంలో పీచు ఎక్కువ, గిన్నెడుకే చాలనిపిస్తుంది. అదీ కొలతగా తింటేనే. రాగి జావ మాత్రం నా దగ్గర ఫెయిలైంది. మెత్తగా విసిరిన పిండిని ఉడికించి జావ చేస్తే అరగడానికి ఇక పనేముంటుంది? గ్లాసు జావకి గంట తిరిగేసరికి 200 దాటేసింది. అదే రాగి రొట్టె, పక్కన వంకాయ కూరతో తింటే అంత లేపలేదు. ఆ మధ్య ఊరూరా కొబ్బరినూనె తాగే పథ్యం నడిచింది. మా వీధిలో మొదలుపెట్టినవాళ్లకి షుగర్ తగ్గిన మాట వాస్తవమే, బరువూ తగ్గారు. సంక్రాంతి దాకా దాన్ని లాగినవాళ్లని మాత్రం నేను చూడలేదు.

ఇక నడక. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమని డాక్టర్లు చెబుతారు. పొద్దున్నే నడిస్తే బరువుకి, మనసుకి మంచిదే. నాకు ఎక్కువ పనిచేసింది మాత్రం రాత్రి భోజనం తర్వాత నడిచే పావుగంట. కండరాలు పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటాయట. అదే గిన్నె, అదే కూర తిని టీవీ ముందు కూర్చున్నరోజు 196, వీధి చివరిదాకా నాలుగు తిరుగుళ్లు తిరిగినరోజు 158. ఇలాంటి తేడా మళ్లీ మళ్లీ చూశాకే నమ్మాను. వారానికి రెండుసార్లు కండకి పని చెప్పాలన్నారు. జిమ్ముకి వెళ్లే వయసూ మొహమూ కాదు నాది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి తోయడం చేస్తాను. ఇప్పుడు మిల్లు మెట్లు ఎక్కితే మోకాళ్లు మునుపటిలా సణగవు.

మన వైపు నడకకి రెండు గండాలు. రోహిణి కార్తెలో ఏడు దాటితే బయట అడుగు పెట్టలేం, అందుకని అయిదున్నరకే బయల్దేరాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, అల్పపీడనాలు. అప్పుడు హాల్లోనే గోడ నుంచి గోడకి తిరుగుతాను. మా మనవరాలు వెనకాలే రైలాట ఆడుతుంది, దాంతో పావుగంట కాస్తా అరగంట అవుతుంది. కాళ్లకి బూట్లు తప్పనిసరి. షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు ఎండాకాలం మధ్యాహ్నం గుళ్లో బండల మీద ప్రదక్షిణలు పెట్టుకోవద్దు, కాలినా తెలియదు.

ఇవన్నీ నాకు చెప్పింది మీటరు. స్ట్రిప్పుల ఖర్చు చూసి రోజూ గుచ్చుకోను. కొత్త తిండి ఏదైనా మొదలుపెట్టినప్పుడు తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి చూస్తాను. చేయి కడుక్కుని, తడి ఆరాకే గుచ్చుకోవాలి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే మీటరు మామిడిపండునే కొలుస్తుంది. వేలి కొసలో కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ. ల్యాబుకీ దీనికీ పది పదిహేను శాతం తేడా ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి పెడితే మాత్రం ఆ లెక్కలు నమ్మొద్దు.

ఒక హెచ్చరిక. నేను వాడేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే, దానితో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులిన్నో వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా అన్నం తగ్గించి నడక పెంచితే 70 కిందికి జారొచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటాగి మళ్లీ చూసుకోవాలి. జేబులో గ్లూకోజు పొట్లం లేకుండా నడకకి పోవద్దు.

మాత్రలు లేకుండానే షుగర్ పోగొడతామని చెప్పేవాళ్ల మాటకొస్తే, అది పూర్తిగా కల్ల కాదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ఏడాది తిరిగేసరికి అందులో పథ్యం చేసినవాళ్లలో 46 శాతం మంది మాత్రలు లేకుండా షుగర్ హద్దు కిందికి వచ్చారు. కాకపోతే వాళ్లందరికీ షుగర్ వచ్చి ఆరేళ్ల లోపే, ఎవరూ ఇన్సులిన్ మీద లేరు, మొదటి కొన్ని నెలలు రోజుకి సుమారు 850 కేలరీల తిండితో గడిపారు. 15 కిలోలు, ఆ పైన తగ్గినవాళ్లలోనే ఫలితం ఎక్కువ. నేను తొమ్మిది కిలోలు తగ్గాను, దానికి తగ్గట్టే రెండు మాత్రల్లో ఒకటి మిగిలింది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు పిల్లల గురించి చేయాల్సిన ఆలోచన ఇంకొకటి ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్నవాళ్లకి తిండి, వ్యాయామం మార్పించడం వల్ల షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మా అబ్బాయికి హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది, అంటే అంచునే ఉన్నాడు. స్టీలు గిన్నెలు ఇప్పుడు ఇంట్లో రెండు.

ఇన్ని చేసినా లొంగనిది పరగడుపు షుగర్. రాత్రి పడుకునేటప్పుడు 118 ఉన్నది, ఏమీ తినకుండానే తెల్లారేసరికి 130 అవుతుంది. తెల్లవారుజామున లివరు తనంతట తను గ్లూకోజు వదులుతుందని డాక్టరు చెప్పారు. మిగిలిన ఆ ఒక్క మాత్రా రాత్రి భోజనంతోనే వేసుకోమన్నది అందుకే. పెళ్లిళ్లలో బంతి కంటే బఫే నయం, ఎవరూ ఆకులో అన్నం కుమ్మరించరు. మలై కాజా ఒక్కటి కూడా తిననని ఒట్టు మాత్రం పెట్టుకోలేదు. వచ్చే పరీక్ష పండక్కి ముందే చేయించుకోమని మా ఆవిడ సలహా. అరిసెలు రిపోర్టులోకి ఎక్కకుండా చూడాలని ఆమె ఆలోచన. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు కాబట్టి, ఇప్పుడు తప్పించుకున్నా ఏప్రిల్లోపు దొరికిపోతాను.