క్లౌడ్‌ఫ్లేర్‌లో డీఎన్ఎస్‌సెక్ బాగుంది, పేచీ అంతా రిజిస్ట్రార్ దగ్గరే

పర్లాకిమిడిలో మా బావగారి కొమ్ము బొమ్మల కొట్టుకి వెబ్‌సైట్ ఉంది. పాతపట్నం, టెక్కలి వాళ్లు ఎలాగూ కొట్టుకే వస్తారు గానీ దూరం వాళ్లు దువ్వెనలూ కొంగ బొమ్మలూ అందులోనే చూసి డబ్బు కట్టేస్తారు, అందుకే ఆ డాట్ కామ్ డొమైన్‌కి డీఎన్ఎస్‌సెక్ పెట్టాం, అంటే సైట్ పేరుకి దొరికే చిరునామా అసలైనదేనని సంతకంతో రుజువు చేసే ఏర్పాటు. డీఎన్ఎస్ (సైట్ పేరుకి సర్వర్ చిరునామా చెప్పేది) క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఉచిత ప్లాన్‌లో ఉంది, డొమైన్ కొన్నది మాత్రం వేరే కంపెనీ దగ్గర, వాళ్లే మా రిజిస్ట్రార్.

క్లౌడ్‌ఫ్లేర్‌కి అయిదుకి అయిదు ఇస్తాను. డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో ఎనేబుల్ నొక్కడమే, కీలు తయారు చేయడం, రికార్డులకి సంతకాలు పెట్టడం, వాటి గడువు దాటకుండా చూసుకోవడం అంతా వాళ్లదే, పైసా తీసుకోరు. ఆఖర్న మన కీకి గుర్తులాంటి ఒక డీఎస్ రికార్డు చూపిస్తారు: కీ ట్యాగ్, అల్గారిథమ్ 13 (సంతకం పద్ధతి నంబరు), డైజెస్ట్ టైపు 2, దాని పక్కన కీ నుంచి లెక్కగట్టిన బారెడు డైజెస్ట్. దాన్ని రిజిస్ట్రార్ ప్యానెల్‌లో ఎక్కించాలి. వాళ్ల ద్వారా అది డాట్ కామ్ పేర్లన్నిటి జాబితా నడిపే రిజిస్ట్రీకి చేరేదాకా మన సంతకాలున్నా లేనట్టే, ఎందుకంటే డీఎన్ఎస్‌లో అన్నిటికీ పైనున్న రూట్ డాట్ కామ్‌కి పూచీ, డాట్ కామ్ మన డొమైన్‌కి పూచీ.

ఇక రిజిస్ట్రార్ సంగతి. డీఎస్ పేజీ అయితే ఉంది, కానీ అల్గారిథమ్ మెనూలో 13 లేదు! రూట్‌కి సంతకాలు పడింది 2010లో, డాట్ కామ్‌కి 2011లో, ఇన్నేళ్ల తర్వాత కూడా ఇలాగా? సపోర్ట్‌కి ఫోన్ చేస్తే తెలుగు లేదు, ఒడియా లేదు, హిందీలో "మీకు ఎస్ఎస్ఎల్ ఉంది కదా సార్, ఇంకా ఇదెందుకు" అన్నారు. రెండూ వేరండీ. ఎస్ఎస్ఎల్ బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచేదాన్ని దాస్తుంది. డీఎన్ఎస్‌సెక్ దేన్నీ దాచదు, సర్వర్ చిరునామా దారిలో ఎవరూ మార్చలేదని సంతకంతో రుజువు చేస్తుంది, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే రికార్డుకి కూడా అదే కాపలా. రిజాల్వర్ (మన తరఫున చిరునామా వెతికిపెట్టే సర్వర్) కాష్‌లోకి, అంటే అది దాచుకున్న జవాబుల్లోకి, దొంగ చిరునామా ఎక్కించడం ఎంత తేలికో భద్రతా పరిశోధకుడు డాన్ కమిన్‌స్కీ 2008లోనే చూపించాడు. అయితే సైట్‌లోకి చొరబడి పాడుచేసేవాళ్లని ఇది ఆపదు, ఆ పని దీనిది కాదు.

చివరికి టికెట్ పెట్టి, మళ్లీ మళ్లీ అడిగితే వాళ్లే లోపల చేత్తో ఎక్కించారు. క్లౌడ్‌ఫ్లేర్‌లో పెండింగ్ పోయింది, ఈ సంతకాల వరసని పరీక్షించే డీఎన్ఎస్‌విజ్ సైట్‌లో చూస్తే పైనుంచి కిందదాకా తప్పు లేదు.

పెట్టుకున్నవాళ్లు ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. రేపు డీఎన్ఎస్ ఇంకో కంపెనీకి మార్చాలంటే ముందు రిజిస్ట్రార్ దగ్గర డీఎస్ తీయించండి, డాట్ కామ్‌లో దాని టీటీఎల్ (రిజాల్వర్లు దాన్ని దాచుకునే గడువు) ఒక రోజు కాబట్టి అంతకంటే కాస్త ఎక్కువే ఆగి, అప్పుడు నేమ్‌సర్వర్లు (మన డొమైన్ రికార్డులు చెప్పే సర్వర్లు) మార్చండి. పాత డీఎస్ అలాగే వదిలేస్తే సంతకాలు సరిచూసే రిజాల్వర్లు, గూగుల్ 8.8.8.8 లాంటివి, సర్వ్‌ఫెయిల్, అంటే జవాబు ఇవ్వలేం, అనేస్తాయి. అలా చూడని రిజాల్వర్ మీదున్న మీ ఫోన్‌లో సైట్ చక్కగా తెరుచుకుంటుంది, కొనేవాళ్లకి మాత్రం తెరుచుకోదు, ఎందుకో తెలియక మీరు టెన్షన్ పడతారు.

ఈ రిజిస్ట్రార్‌కి నేనిచ్చేది రెండే. రెన్యువల్ లోపు డొమైన్‌ని 13 ఉన్న చోటుకి మార్చేస్తున్నాం, మీరు కొత్తగా కొనేటప్పుడు ధర కంటే ముందు ఆ డీఎస్ పేజీ స్క్రీన్‌షాట్ అడగండి.