ప్రైమరీ డిబేట్లు: గట్టిగా పెడితే మేలా, పొదుపుగా పెడితే మేలా, అసలు పెట్టకపోతే మేలా?

అమెరికా ఎలక్షన్ల సీజన్ వచ్చిందంటే చాలు, మన గ్రూపుల్లో ఎవరో ఒకరు ఈ డౌట్ పడతారు. ఒకే పార్టీ వాళ్ళు, రేపు ఒకే జెండా మోయాల్సినవాళ్ళు, ఇలా టీవీలో నిలబడి ఒకళ్ళ పరువు ఒకళ్ళు తీసుకుంటే అవతలి పార్టీకి పని సులువు చేసిపెట్టినట్టే కదా అని. మనకి అలా అనిపించడంలో వింతేం లేదు. మన దగ్గర టికెట్ అంటే హైకమాండ్ చేతిలోంచి వచ్చే బీ ఫాం, అది ఫలానా వాడికే ఎందుకిచ్చారో కార్యకర్తకి ఎవడూ చెప్పడు, రానివాడు ఆ రాత్రికే కండువా మార్చేస్తాడు, లేదంటే రెబల్ గా నామినేషన్ వేసి సొంత పార్టీ ఓట్లే చీలుస్తాడు. అక్కడ అదే గొడవ ముందే, ప్రైమరీల్లో (పార్టీ క్యాండిడేట్ ఎవరో ఓటర్లే ఓటేసి తేల్చే ఎలక్షన్లు), అందరూ చూస్తుండగా అయిపోతుంది. అన్నదమ్ముల ఆస్తి పంపకం పెద్దమనుషుల ముందు జరగడానికీ, ఒకడు రాత్రికి రాత్రి రాయించేసుకోవడానికీ ఉన్న తేడా అన్నమాట.

నా ఓటు గట్టిగా పెట్టడానికే. కాకపోతే ఊరికే కాదు, దానికో కండిషన్ ఉంది, అది మధ్యలో చెప్తా.

ముందు 1980 చూడండి, ఎందుకంటే ఒకే ఏడాది ఒక పార్టీ డిబేట్లు పెట్టింది, ఇంకో పార్టీ ఎగ్గొట్టింది, ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. రిపబ్లికన్లలో రీగన్, బుష్ (పెద్దాయన) ఇద్దరికీ ఫిబ్రవరి 23న న్యూ హాంప్‌షైర్ లోని నాషువాలో డిబేట్. మొదట లోకల్ పేపర్ వాళ్ళు పెడదామనుకున్నారు, ఎలక్షన్ కమిషన్ అభ్యంతరం చెప్పడంతో ఖర్చు రీగన్ మనుషులు పెట్టుకున్నారు. తీరా టైం అయ్యాక రీగన్ మిగతా నలుగురు క్యాండిడేట్లని కూడా స్టేజి మీదకి తీసుకొచ్చేశాడు, మోడరేటర్ ఈయన మైక్ కట్ చేయమన్నాడు, ఈ మైక్‌కి డబ్బులు కట్టేది నేనయ్యా అని రీగన్ గట్టిగా అరిచాడు, హాలంతా చప్పట్లు. (కోపంలో మోడరేటర్ పేరు కూడా తప్పు పలికాడు, బ్రీన్ అనాల్సింది గ్రీన్ అన్నాడు, ఎవరికీ పట్టలేదు.) బుష్ కొయ్యబొమ్మలా కూర్చుండిపోయాడు. మూడు రోజుల తర్వాత ప్రైమరీలో రీగన్ గెలుపు మామూలుగా లేదు. ఆ తర్వాత ఏప్రిల్ లో ఇదే బుష్, రీగన్ ఎకనామిక్ ప్లాన్ ని క్షుద్రపూజ లెక్కలు అన్న అర్థం వచ్చేలా వెక్కిరించాడు. అయినా జులైలో డెట్రాయిట్ కన్వెన్షన్ లో (క్యాండిడేట్ ని అధికారికంగా ప్రకటించే పార్టీ మహాసభ) వైస్ ప్రెసిడెంట్ టికెట్ ఎవరికిచ్చారు? బుష్ కే.

అవతల డెమొక్రాట్లలో సిట్టింగ్ ప్రెసిడెంట్ కార్టర్. సొంత పార్టీలోనే తన మీద పోటీకి దిగిన టెడ్ కెన్నెడీతో అయోవాలో జనవరిలో డిబేట్ కి ముందు సరే అన్నాడు, తర్వాత ఇరాన్ లో మన అమెరికన్లు బందీలుగా ఉన్నారు, నేను వైట్ హౌస్ వదిలి రాలేను అని తప్పుకున్నాడు. ప్రైమరీలు కార్టరే గెలిచాడు, డెలిగేట్ల (కన్వెన్షన్ లో ఓటేసే ప్రతినిధులు) లెక్కలో ఎవరికీ డౌట్ లేదు, కానీ కెన్నెడీ తప్పుకోలేదు, ఆగస్టులో న్యూయార్క్ కన్వెన్షన్ దాకా లాగాడు. ఆఖరి రాత్రి స్టేజి మీద కార్టర్ ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తే ఫోటో కోసం వెనకాలే తిరగడం, కెన్నెడీ ముక్తసరిగా ఓ షేక్‌హ్యాండ్ ఇచ్చి పక్కకి జరగడం, అదంతా లైవ్ లో వెళ్ళిపోయింది. నవంబర్ లో రీగన్ 44 రాష్ట్రాలు కొట్టాడు. డిబేట్ ఎగ్గొట్టినందుకే కార్టర్ ఓడాడు అంటే అబద్ధం, ధరలు మండిపోతున్నాయి, బందీలు ఇంకా టెహ్రాన్ లోనే ఉన్నారు. కానీ ఓడినవాడు మనస్ఫూర్తిగా వచ్చాడా లేదా అన్నంతవరకు చూస్తే రెండు పార్టీలకీ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

ఇక గట్టిగా పెట్టడం అంటే 2008 డెమొక్రాట్లే. 2007 ఏప్రిల్ లో సౌత్ కరోలినాలో ఎనిమిది మందితో మొదలై 2008 ఏప్రిల్ 16 ఫిలడెల్ఫియా దాకా దాదాపు ఏడాది, పాతిక డిబేట్ల దాకా జరిగాయి, ఆఖరికి మిగిలింది ఒబామా, హిల్లరీ. మొదటి దాంట్లోనే బైడెన్ ని, మీరు మరీ ఎక్కువ మాట్లాడతారు కదా, ప్రపంచ వేదిక మీద నోరు అదుపులో పెట్టుకోగలరా అని అడిగితే ఆయన "యెస్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు, హాలంతా నవ్వు. తిట్టుకోవడం తక్కువేం కాదు. శత్రు దేశాల నాయకుల్ని షరతుల్లేకుండా కలుస్తానని ఒబామా ఒక డిబేట్ లో అంటే, అది బాధ్యత లేని మాట, అమాయకత్వం అని హిల్లరీ తర్వాత దులిపేసింది. 2008 జనవరి 21న మర్టిల్ బీచ్ లో అయితే నువ్వు వాల్‌మార్ట్ బోర్డులో కూర్చున్నావు అని ఈయన, నువ్వు మురికివాడల ఇళ్ళు అద్దెకిచ్చే వాడి తరఫున లాయర్ పని చేశావు అని ఆవిడ. సరిగ్గా పది రోజులకి లాస్ ఏంజెలిస్ లో ఇద్దరే పక్కపక్కన కూర్చుని మర్యాదగా మాట్లాడుకుంటే మీరిద్దరూ కలిసే పోటీ చేయొచ్చు కదా అని మోడరేటరే అడిగాడు!

ఇందులో పార్టీకి ఏం ఒరిగింది అంటే ఒకటి కాదు. పోటీ జూన్ దాకా సాగడంతో మామూలుగా అప్పటికి ఎవరూ పట్టించుకోని రాష్ట్రాల్లో కూడా ఆఫీసులు తెరవాల్సి వచ్చింది, కొత్త ఓటర్లని చేర్చాల్సి వచ్చింది. ఇండియానా, నార్త్ కరోలినా ప్రైమరీలు మే 6న. నవంబర్ లో ఒబామా ఆ రెండూ గెలిచాడు, ఇండియానాలో డెమొక్రాట్ గెలవడం 1964 తర్వాత అదే. ఇంకోటి నాకు ఇంకా పెద్దదనిపిస్తుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రతి ఒక్కరూ తప్పనిసరిగా తీసుకోవాలి అని హిల్లరీ, పెద్దవాళ్ళని బలవంతపెట్టకూడదు అని ఒబామా, నెలల తరబడి ఇదే వాదన. ఆవిడ ఓడిపోయింది, కానీ 2010లో ఒబామా తెచ్చిన చట్టంలో ఆ తప్పనిసరి రూల్ ఉంది. ఓడినావిడ మాట గెలిచినాయన చట్టంలోకి ఎక్కిందన్నమాట. ఆవిడ సెక్రటరీ ఆఫ్ స్టేట్ అయింది, అయోవాలో ఓడి ఇంటికెళ్ళిన బైడెన్ వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు.

నేను చెప్తానన్న కండిషన్ ఇదే. డిబేట్ దానంతటది ఎవర్నీ కలపదు. ఓడినవాడికి రెండు దక్కాలి, నా మాట చెప్పుకునే ఛాన్స్ నాకిచ్చారు అనే నమ్మకం ఒకటి, ఓడాక కూడా పార్టీలో నాకో కుర్చీ ఉంది అనే భరోసా ఇంకొకటి. 2008లో రెండూ దక్కాయి. జూన్ 27న ఇద్దరూ కలిసి మొదటి సభ న్యూ హాంప్‌షైర్ లో యూనిటీ అనే చిన్న ఊళ్ళో పెట్టారు, ఆ ఊళ్ళో ప్రైమరీలో ఇద్దరికీ చెరో 107 ఓట్లు పడ్డాయని వెతికి పట్టుకుని మరీ. నాటకమే, కానీ పనికొచ్చిన నాటకం. అప్పటికీ హిల్లరీ ఓటర్లలో కొంతమంది రిపబ్లికన్ క్యాండిడేట్ మెకెయిన్ కి వేశారు, అందరూ వచ్చేశారని ఎవరూ అనలేరు.

పొదుపుగా పెట్టడం అంటే 2016 డెమొక్రాట్లు. నాకు అన్నిటికన్నా చిరాకు దీని మీదే. ఆరే డిబేట్లు, పార్టీ ఒప్పుకోని డిబేట్ కి ఎవరైనా వెళ్తే మా వాటికి రానివ్వం అని రూల్ కూడా. టైమింగ్ చూడండి, నవంబర్ లో ఒక శనివారం రాత్రి, డిసెంబర్ 19న క్రిస్మస్ ముందు శనివారం రాత్రి, జనవరిలో లాంగ్ వీకెండ్ ఆదివారం. జనం చూడకూడదనే పెట్టారా అని హిల్లరీ మీద పోటీకి దిగిన బెర్నీ శాండర్స్ వాళ్ళకి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది, ముందున్నది హిల్లరీ, డిబేట్లు తగ్గితే లాభం ఎవరికో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. పార్టీ కమిటీ వైస్ చైర్ తులసీ గబార్డ్ ఎక్కువ డిబేట్లు పెట్టండి అన్నందుకు మొదటి డిబేట్ కి నన్ను రావద్దన్నారు అని బయటికొచ్చి చెప్పింది, తర్వాత పదవి వదిలేసి శాండర్స్ వైపు వెళ్ళిపోయింది. ఆఖరికి ఒత్తిడి తట్టుకోలేక ఇంకొన్ని డిబేట్లు కలిపారు, కానీ అడిగి అడిగి తెచ్చుకున్నదానికి కృతజ్ఞత ఎవరు చూపిస్తారు?

తర్వాత జులై 22న, కన్వెన్షన్ కి మూడు రోజుల ముందు, పార్టీ ఆఫీసు వాళ్ళు హిల్లరీ వైపే మొగ్గారని చూపించే ఈమెయిల్స్ వికీలీక్స్ లో పడ్డాయి, చైర్మన్ డెబీ వాసర్‌మన్ షుల్ట్స్ దిగిపోవాల్సి వచ్చింది. అక్టోబర్ లో ఇంకోటి, సీఎన్ఎన్ లో వ్యాఖ్యాతగా ఉన్న పార్టీ మనిషి డొన్నా బ్రజీల్ ఒక ప్రశ్న ముందుగానే హిల్లరీ టీమ్ కి చేరవేసిందని బయటపడి సీఎన్ఎన్ తో ఆవిడ బంధం తెగిపోయింది. శాండర్స్ నిజానికి జులై 12నే హిల్లరీకి మద్దతు చెప్పాడు, ఆవిడ కోసం ఊరూరా తిరిగాడు, అయినా ఆయన వెనకాల కుర్రాళ్ళలో మాకు అన్యాయం జరిగింది అన్న మాట పోలేదు. శాండర్స్ ప్రైమరీలో గెలిచిన మిషిగన్, విస్కాన్సిన్ రెండూ నవంబర్ లో హిల్లరీ చేజారాయి, పెన్సిల్వేనియాతో కలిపి మూడు రాష్ట్రాల్లో తేడా మొత్తం 80 వేల ఓట్ల లోపే. అంత సన్నని తేడాలో ఏ కారణమైనా కారణమే అవుతుంది, అందులో ఇదొకటి కాదని మాత్రం అనలేం. 2018లో సూపర్ డెలిగేట్లకి (ప్రైమరీలతో పనిలేకుండా కన్వెన్షన్ లో ఓటు ఉండే పార్టీ పెద్దలు) మొదటి రౌండ్ లో ఓటు లేకుండా రూల్ మార్చారంటే తప్పు ఎక్కడుందో పార్టీకే అర్థమైందన్నమాట.

సరే, అలాగని ఎన్ని పెడితే అంత మంచిదా? కాదు. 2012లో రిపబ్లికన్లు ఇరవై దాకా పెట్టారు. టెక్సస్ గవర్నర్ రిక్ పెర్రీ నేను మూసేసే మూడు శాఖలు అని మొదలుపెట్టి మూడోది మర్చిపోయి "ఊప్స్" అనేశాడు. (మర్చిపోయింది ఎనర్జీ శాఖ, 2017లో ట్రంప్ ఆయన్ని దానికే మంత్రిని చేశాడు, రాజకీయం అంటే ఇదే మరి.) పెర్రీది నవ్వుకుని వదిలేయొచ్చు, చివరికి క్యాండిడేట్ అయిన మిట్ రోమ్నీ సంగతి అలా కాదు. వలస వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయేలా చేస్తాం అని సొంత పార్టీ ఓటర్ల కోసం డిబేట్ లో అన్న మాట నవంబర్ దాకా ఆయన మెడకి చుట్టుకుంది. ఓడాక 2013లో పార్టీయే రిపోర్ట్ రాయించుకుని డిబేట్లు సగానికి తగ్గించాలి అనుకుంది. 2016లో పన్నెండే పెట్టారు, కానీ క్యాండిడేట్లు 17 మంది, మొదటిది 2 కోట్ల 40 లక్షల మంది చూశారు! జనంలో ఊపు మామూలుగా లేదు, ప్రైమరీ ఓట్లు రికార్డు. మరి ఐక్యత? కన్వెన్షన్ స్టేజి మీద, ప్రైమరీలో ఓడిన టెడ్ క్రూజ్ ట్రంప్ కి ఓటెయ్యండి అనకుండానే దిగాడు, సొంత పార్టీ వాళ్ళే గోల చేసి పంపారు. ఊపు వేరు, కలిసిరావడం వేరు. రెండూ కలిపి చూడకూడదు.

అసలు పెట్టకపోవడం కూడా ఒక లెక్కే, 2024లో రెండు పార్టీలూ ఒక రకంగా అదే చేశాయి. ట్రంప్ ఒక్క ప్రైమరీ డిబేట్ కి కూడా వెళ్ళలేదు. మిగతావాళ్ళు మిల్వాకీలో కొట్టుకుంటుంటే ఆయన అదే టైంలో వేరే ఇంటర్వ్యూ వదిలాడు. నిక్కీ హేలీ, వివేక్ రామస్వామి తిట్టుకోవడం మన వాళ్ళు బాగానే చూశారు కానీ కిరీటం కోసం జరిగిన యుద్ధం కాదది. అయినా ఆయన గెలిచాడు, పార్టీ మొత్తం ఆయన వెనకే నిలబడింది, హేలీ కూడా కన్వెన్షన్ కి వచ్చి మద్దతు చెప్పింది. ఇది నా వాదనకి ఎదురే, ఒప్పుకోవాలి. కాకపోతే ఒకటి, ట్రంప్ ని పార్టీ ఓటర్లు అప్పటికి ఎనిమిదేళ్ళుగా చూస్తున్నారు, ఆయన గురించి డిబేట్ లో కొత్తగా తెలిసేదేం లేదు. ఈ సౌకర్యం ఎంతమందికి ఉంటుంది?

డెమొక్రాట్లకి లేదు. బైడెన్ సిట్టింగ్ కాబట్టి డిబేట్ లేదు అన్నారు. సిట్టింగ్ వాళ్ళకి పెట్టకపోవడం పాత అలవాటే, అందులో కొత్త లేదు. డీన్ ఫిలిప్స్ అనే ఎంపీ ఒక్కడు వయసు మాట ఎత్తి పోటీకి దిగితే ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మీద పోటీకి దిగిన రాబర్ట్ కెనెడీ జూనియర్ 2023 అక్టోబర్ లో పార్టీ వదిలి ఇండిపెండెంట్ అయ్యాడు, 2024 ఆగస్టుకి ట్రంప్ స్టేజి ఎక్కాడు, 2025లో ట్రంప్ కేబినెట్ లో ఆరోగ్య మంత్రి అయ్యాడు. ఇది అచ్చంగా మన రెబల్ కథే. ఇక వయసు సంగతి, సొంత పార్టీ వాళ్ళు 2023లో ఒక స్టేజి మీద మెత్తగా అడిగి తేల్చుకోవాల్సిన ప్రశ్నకి జవాబు 2024 జూన్ 27న అట్లాంటాలో, ట్రంప్ పక్కన ఉండగా, దేశమంతా చూస్తుండగా బైడెన్ తడబాటుతో వచ్చింది. జులై 21న బైడెన్ తప్పుకున్నాడు, కమలా హారిస్ ఒక్క ప్రైమరీ ఓటు అడక్కుండా క్యాండిడేట్ అయింది. పార్టీ ఆవిడ వెనక చాలా ఫాస్ట్ గానే నిలబడింది, నిజమే, కానీ ఆవిడ ఏం చేస్తుంది, బైడెన్ కన్నా ఏం వేరు అన్నది ఆవిడ నోటితో ముందే పది సార్లు చెప్పుకుని పదును పెట్టుకునే అవకాశం దొరకలేదు.

జూన్ 27 ఈ పార్టీకి ఏదో ముహూర్తం లా ఉంది. 2008లో యూనిటీ సభ ఆ రోజే. 2019లో మయామీ స్టేజి మీద నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే స్కూళ్ళలో కలపడానికి బస్సుల్లో పంపడం మీద పాత గొడవ ఎత్తి హారిస్ బైడెన్ ని కడిగేసింది కూడా ఆ రోజే, అలా కడిగిందనేం కక్ష పెట్టుకోకుండా ఏడాది తర్వాత ఆవిడనే వైస్ ప్రెసిడెంట్ టికెట్ కి పిలిచాడు ఆయన.

2028లో రెండు వైపులా ఖాళీయే, ట్రంప్ మళ్ళీ నిలబడే వీలు రాజ్యాంగంలో లేదు, డెమొక్రాట్లకి సిట్టింగ్ లేడు. నన్నడిగితే పది పన్నెండు డిబేట్లు చాలు, అందులో సగమైనా మొదటి ఓటు పడ్డాక ఉండాలి, ఎందుకంటే ఇరవై మంది నిలబడి ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడే షో వల్ల ఎవరికీ ఏం తెలియదు, ఇద్దరు ముగ్గురు మిగిలాకే అసలు వాదన మొదలవుతుంది. బయటి డిబేట్ కి వెళ్తే బహిష్కరిస్తాం లాంటి రూల్ అస్సలు వద్దు. శనివారం రాత్రులు కూడా వద్దు, మనకి ఇక్కడ ఆదివారం పొద్దున్నే లేచి చూడటం ఎలాగూ అయ్యే పని కాదు.