రీనో అడవి గుర్రాలు: 660 డాలర్ల టూర్ దండగ, ఉచితంగా చూసిన దొడ్డి మాత్రం తప్పక చూడండి

నెవాడాలో అడవి గుర్రాలు చూడాలనుకునే వాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, ప్రైవేటు ఫొటో టూర్లకు డబ్బు పోయకండి. మనిషికి 165 చొప్పున నలుగురికి 660 డాలర్లు కట్టాం. ఆ కోపం ఇంకా తగ్గలేదు. పైసా ఖర్చు లేకుండా చూసిన చోట్లే ఈ గుర్రాలను పట్టాలా, వదిలేయాలా అన్న గొడవ ఏంటో మాకు అర్థమైంది.

మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఐ-80 ఎక్కి డానర్ పాస్ దాటితే రీనో, దారి గురించి చెప్పేదేం లేదు. మా వారు, గుర్రాలంటే ప్రాణం పెట్టే మా పాప, ఇండియా నుంచి వచ్చిన మామయ్యగారు, నేను. మామయ్యగారు అద్దంకి దగ్గర పల్లెలో జీవితమంతా ఒంగోలు గిత్తలు పెంచిన రైతు. ఆయనకు పశువును చూపిస్తే చాలు, వయసు, మేత, జబ్బు అన్నీ చెప్పేస్తారు.

హోటల్ ఊరి మధ్యలో ఒక క్యాసినో వాళ్లది. రాత్రికి అన్నీ కలిపి 148 డాలర్లు, పార్కింగ్ 15 వేరే. నాన్ స్మోకింగ్ గది అని బుక్ చేస్తే, తలుపు తీయగానే సిగరెట్ కంపు. గది మార్చమంటే గంటన్నర నిలబెట్టారు. లిఫ్ట్ దగ్గరికి వెళ్లాలంటే ప్రతిసారీ పాపను తీసుకుని జూదం బల్లల పక్కనుంచి, ఆ పొగలోంచి నడవాల్సిందే. మామయ్యగారికి ఉబ్బసం. రాత్రంతా దగ్గుతూనే ఉన్నారు. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే క్యాసినో లేని మామూలు హోటల్ చూసుకోండి. ఇరవై డాలర్లు ఎక్కువైనా పర్వాలేదు.

ఇక టూర్. "గుర్రాలను అతి దగ్గరగా చూపిస్తాం, గ్యారంటీ" అని వెబ్‌సైట్‌లో రాసుకున్నాడు. రీనో పక్కనే ఉన్న వర్జినియా రేంజ్ కొండల దగ్గర రోడ్డు మీద బండి ఆపాడు, డిక్కీ తీశాడు, అందులో బకెట్ నిండా క్యారెట్లు. ఆ డిక్కీ చప్పుడుకే గుర్రాలు మా వైపు పరుగెత్తుకొచ్చాయి. పాప చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. ముందున్న గోధుమ రంగు ఆడగుర్రం ముంగాలి మోకాలి మీద బొచ్చు లేని పెద్ద మచ్చ ఉంది, అది కుంటుతూ తారు రోడ్డు ఎక్కేసింది. అటుగా వస్తున్న లారీ గట్టిగా హారన్ కొట్టి, కీచుమంటూ ఆగింది. ఆ గైడ్ దాన్ని అదిలించకపోగా, ఇంకో క్యారెట్ పెట్టి "ఇప్పుడు ఫొటో తీసుకోండి" అన్నాడు.

నెవాడాలో ఇలా తిరిగే గుర్రాలకు అనుమతి లేకుండా తిండి పెట్టడం చట్టవిరుద్ధం. తిండికి అలవాటు పడినవి రోడ్ల దగ్గరే కాచుకుని ఉంటాయి, బండ్ల కింద పడతాయి. ఈ మాట పాప అడిగితే "అవన్నీ ప్రభుత్వం బెదిరింపులు" అని తీసిపారేశాడు. దారంతా ఒకటే పాట: ఆవుల మందలు మేపే రాంచర్లు రాక్షసులు, అధికారులు హంతకులు, గుర్రాలను వాటి మానాన వదిలేస్తే ప్రకృతే చూసుకుంటుంది. మూడు గంటల టూర్ గంటన్నరలో ముగించాడు. సగం డబ్బు వెనక్కి ఇమ్మంటే "గుర్రాలు కనిపించాయి కదా" అన్నాడు. మా వారు మామూలుగా గొడవ పడే మనిషి కాదు, ఆ రోజు మాత్రం పార్కింగ్‌లో గొంతు పెంచారు. రూపాయి రాలేదు. రాష్ట్ర వ్యవసాయ శాఖకు ఫిర్యాదు రాశాం.

మర్నాడు పొద్దున్నే మేమే యూఎస్ఏ పార్క్‌వే అనే రోడ్డు వైపు వెళ్లాం. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల మధ్య ఖాళీ కొండల మీద గుంపులు గుంపులుగా మేస్తున్నాయి. టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు. అక్కడే ఒక వాలంటీర్ కనిపించింది. అరవై దాటిన ఆవిడ, భుజాన డార్ట్ తుపాకీ, చేతిలో గుర్రాల ఫొటోల ఫైలు. నల్లని ఆడగుర్రం తొడ కండ మీద గురి చూసి కొట్టింది. అది ఒక్కసారి ఎగిరి, పది అడుగులు పరుగెత్తి, మళ్లీ తల దించి మేతలో పడింది. డార్ట్ దానంతటదే ఊడి సేజ్ పొదల్లో పడిపోతే, ఆవిడ వెతికి తీసుకుని, తేదీ, గుర్రం గుర్తులు రాసుకుంది.

ఆ డార్ట్‌లో ఉన్నది పీజడ్‌పీ అనే గర్భనిరోధక టీకా. పందుల అండాశయాల నుంచి తీసిన ప్రోటీన్. దానివల్ల గుర్రం ఒంట్లో యాంటీబాడీలు తయారై, వీర్యకణం అండాన్ని అంటుకోకుండా అడ్డుపడతాయి. డోసు ఖరీదు 30 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, ప్రభావం ఏడాదే, ఏటా మళ్లీ వేయాలి. అమెరికన్ వైల్డ్ హార్స్ కన్సర్వేషన్ అనే సంస్థ 2019 నుంచి రాష్ట్రంతో కలిసి ఇక్కడ ఈ పని చేస్తోంది. ఏటా పుట్టే పిల్లలు బాగా తగ్గాయి. మామయ్యగారు చాలాసేపు చూసి, "గుర్రాన్ని పట్టకుండా, కట్టకుండా పని అయిపోయిందే" అని మెచ్చుకున్నారు. రాత్రి నిద్ర లేని చిరాకంతా అప్పుడే పోయింది ఆయనకు.

ఇదే కొండల ప్రాంతంలో 1950లో వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ ఆఫీసుకు వెళ్తూ, ముందున్న లారీలోంచి రక్తం కారడం చూసింది. లోపల కబేళాకు పోతున్న అడవి గుర్రాలు. అప్పటి నుంచి ఆవిడ పోరాడితే, ప్రభుత్వ భూముల్లో మోటారు బండ్లతో, విమానాలతో గుర్రాలను వేటాడటాన్ని నిషేధిస్తూ 1959లో చట్టం వచ్చింది. బడిపిల్లలు కాంగ్రెస్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, 1971లో గుర్రాలకు పూర్తి రక్షణ ఇచ్చే చట్టం మీద నిక్సన్ సంతకం పెట్టాడు. పాపకు ఈ కథ కంఠతా వచ్చు.

మధ్యాహ్నం పలొమినో వ్యాలీకి వెళ్లాం. స్పార్క్స్ నుంచి పిరమిడ్ హైవే మీద ఇరవై మైళ్ల దూరం. కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ, అందరూ బీఎల్ఎం అనేది, పట్టి తెచ్చిన గుర్రాలను పెట్టే చోటు ఇది. ప్రవేశం ఉచితం. ఇనుప కంచెల దొడ్లు, వరసగా ఎండుగడ్డి, చెట్టు నీడ దాదాపు లేదు. మెడలో నంబరు బిళ్ల, ఎడమ పక్క మెడ మీద ఫ్రీజ్ మార్క్. ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచిన ఇనుముతో ఆ ముద్ర వేస్తారు, తర్వాత అక్కడ తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. పొద్దున చూసిన కొండల మీది గుర్రాలు తల ఎత్తి చూస్తే, ఇవి తోకలు ఊపుకుంటూ ఒక మూలకు చేరి నిలబడ్డాయి. పాప కంచె పట్టుకుని ఏడ్చింది.

మామయ్యగారు అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మాయ్, ఈ బందెలదొడ్డికి గడ్డి ఎవరు కొంటున్నారు?"

అక్కడి ఉద్యోగి మా కోసం అరగంట కేటాయించాడు. దాపరికం లేకుండా మాట్లాడాడు. 2024 మార్చిలో దేశంలోని బీఎల్ఎం భూముల మీద ఉన్న గుర్రాలు, గాడిదలు కలిపి 73,520 అని అంచనా. ఆ నేల భరించగలదని ప్రభుత్వం పెట్టుకున్న లెక్క పాతిక వేల చిల్లర. వదిలేస్తే మంద ఏటా 15 నుంచి 20 శాతం పెరిగి, నాలుగైదేళ్లలో రెట్టింపవుతుంది. పట్టి తెచ్చి దొడ్లలో, అద్దె బీళ్లలో మేపుతున్నవి 60 వేలకు పైనే. 2023లో ఈ మేపుడుకే 10 కోట్ల డాలర్లు దాటింది, ఈ పథకం మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతులు ఇదే. టీకాకు మిగిలేది చాలా చిన్న వాటా.

మరి టీకాలే వేయొచ్చు కదా అన్నాను. రీనో పక్క గుర్రాలు మనుషులకు అలవాటు పడ్డాయి కాబట్టి దగ్గరికి వెళ్లి కొట్టొచ్చు, మారుమూల ఎడారి లోయల్లో మైలు దూరంలో మనిషి కనిపిస్తే మాయమైపోతాయి, టీకాకైనా ముందు పట్టాల్సిందే అన్నాడు. పట్టేది హెలికాప్టర్‌తో. మైళ్ల కొద్దీ తరిమి, చివర్లో బోను ముందు తర్ఫీదు ఇచ్చిన గుర్రాన్ని వదిలితే మిగతావి దాని వెనకే లోపలికి పోతాయి. కాళ్లు విరిగినవి, మెడలు విరిగినవి ఈ పట్టివేతల్లో ఉంటాయని పాప అంటే, కాదనలేదు. దొడ్లలోనూ ప్రమాదమే. 2022లో కొలరాడోలోని కానన్ సిటీ దొడ్లో గుర్రాల ఫ్లూ వచ్చి 145 చచ్చిపోయాయి. దత్తత తీసుకుంటే 1000 డాలర్లు ఇస్తామని 2019లో పథకం పెట్టారు, డబ్బు తీసుకుని గుర్రాలను కబేళా దారి పట్టించిన వాళ్లున్నారని పత్రికల్లో వచ్చింది, 2025లో కోర్టు దాన్ని కొట్టేసింది.

రాత్రి భోజనం మాత్రం మేం ఊహించనిది. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు నుంచి నెవాడాకు గొర్రెలు కాయడానికి వచ్చిన బాస్క్ జనం పెట్టిన పాతకాలపు భోజనశాల ఒకటి ఉందంటే వెళ్లాం. మనిషికి 38 డాలర్లు. పొడవాటి బల్ల, ఎవరు పడితే వాళ్లు పక్కన కూర్చుంటారు. సూప్, బ్రెడ్, వెల్లుల్లి వేసిన చిక్కుడు గింజల కూర, ఆ పైన గొర్రె మాంసం, అడిగినన్ని సార్లు వడ్డిస్తారు. మామయ్యగారు జేబులోంచి గోంగూర పచ్చడి ప్యాకెట్ తీసి ఆ మాంసంలో నంజుకున్నారు, ఎదురుగా కూర్చున్న మనిషి రుచి చూస్తానన్నాడు. ఆయన రాంచర్.

ఆయన వాదన ఇదీ. ప్రభుత్వ భూముల్లో మేసే తన ఆవులకు పర్మిట్ తేదీలు ఉంటాయి, కరువొస్తే సంఖ్య కోసేస్తారు. గుర్రాలు ఏడాది పొడవునా అదే ఊట దగ్గర నిలబడతాయి, పైపళ్లు, కిందిపళ్లు రెండూ ఉండటంతో గడ్డిని నేలకంటా కొరికేస్తాయి. ఊట బురద గుంట అవుతుంది, సేజ్ గ్రౌస్ పిట్టలకు గూడు మిగలదు. మా వారు ఊరుకోలేదు. ఆవు, దూడ నెల మేతకు ప్రభుత్వానికి మీరు కట్టేది 2025 దాకా ఏళ్ల తరబడి 1.35 డాలర్లే కదా, ప్రభుత్వ భూముల్లో గుర్రాల కంటే మీ పశువులు ఎన్నో రెట్లు ఎక్కువ కదా అన్నారు. నీళ్లు మోసేది, కంచె వేసేది నేనే, ఆ ఖర్చు కూడా కలుపుకో అన్నాడాయన. మామయ్యగారికి మాట మాట తర్జుమా చేసి చెప్పాను. ఆయన రాంచర్ చెయ్యి పట్టుకుని, "ఈయన చెప్పే ఊట సంగతి నిజమే, కానీ ఆవులు కూడా బురద చేస్తాయని అడుగు" అన్నారు. అడిగాను. చేస్తాయి అని ఒప్పుకున్నాడు.

దారిలో పాపకు, మామయ్యగారికి పెద్ద వాదన. పాప దృష్టిలో ఒక్క గుర్రాన్ని కూడా పట్టకూడదు, ముందు ఆవులను తగ్గించాలి. మామయ్యగారేమో, మేత లేని బీటిలో మందను పెరగనిస్తే ఎండాకాలం ఆకలితో చచ్చేవి ఆ గుర్రాలే అంటారు. నా మటుకు నాకు ఇద్దరి మాటా సగమే నచ్చింది. కరువు ఏడాది గుర్రాలతో పాటు ఆవులకూ అంతే గట్టిగా కోత పెట్టాలి. దగ్గరికి పోగలిగిన ప్రతి మందకూ టీకా వేయాలి. పట్టక తప్పని చోట, పట్టిన ఆడగుర్రాలకు టీకా వేసి వీలైనన్నిటిని అక్కడే వదలాలి. పది కోట్ల డాలర్లు పోసి, గుర్రాన్ని బతికినంత కాలం దొడ్లో నిలబెట్టడం ఎవరికీ మేలు చేయడం లేదు. గుర్రాలకు అసలే కాదు.

వెళ్లే వాళ్లకు: పలొమినో వ్యాలీ వారాంతాల్లో తెరవరు కాబట్టి శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరండి. ఎండాకాలమైతే ఉదయం పూటే వెళ్లండి, నీళ్లు, టోపీలు మర్చిపోవద్దు, దగ్గర్లో కొట్లు లేవు. యూఎస్ఏ పార్క్‌వే దగ్గర తెల్లవారుజామున గుర్రాలు రోడ్డు మీదికి వస్తాయి, నెమ్మదిగా నడపండి, బైనాక్యులర్స్ ఉంటే దూరం నుంచే హాయిగా చూడొచ్చు. ఎవరైనా క్యారెట్ల బకెట్ బయటికి తీస్తే బండి నంబరు రాసుకుని వ్యవసాయ శాఖకు ఫోన్ చేయండి.